మధుమేహ చికిత్సలో వేగిస

వేగిస లేదా పెద్దేగి ఫాబేసీ కుటుంబానికి చెందిన పెద్ద వృక్షం. దీని శాస్త్రీయ నామం టెరోకార్పస్ మార్సూపియమ్. రక్తచందనం కూడా ఇదే ప్రజాతికి చెందినది. సంస్కృతంలో అసన, బీజక అనియు, హిందీలో విజయసార్ అనియు పిలుస్తారు. శ్రీకాకుళం జిల్లాలో ఎచ్చెర్ల వంటి తీర మండలాలను దాటి లోపలికి వెళితే తూర్పు కనుమలు కలవు. ఆ కనుమల ఆకురాల్చు అడవులు ఈ వృక్షానికి అనువైన చోటు.

సంప్రదాయ వాడుక

సుశ్రుత సంహితలోని సాలసారాది గణంలో అసన ఒకటి. ఈ గణం ప్రమేహాన్ని పోగొడుతుందని అందులో చెప్పబడినది. అయితే ప్రమేహం అనేది ఇరవై రకాల మూత్ర సంబంధ వ్యాధులకు ఉమ్మడి పేరు. మధుమేహం వాటిలో ఒకటి మాత్రమే. కావున ప్రమేహం అన్నచోటల్లా నేటి చక్కెర వ్యాధి అని భావించరాదు.

వేగిస చేవతో తొలిచిన గ్లాసులో రాత్రి నీరు పోసి, రంగు మారిన ఆ నీటిని ఉదయం పరగడుపున త్రాగడం వాడుకలో ఉన్న పద్ధతి.

పరిశోధనలు

1980 దశకం తొలి సంవత్సరాలలో భారతీయ శాస్త్రవేత్తలు ఈ చెట్టు బెరడులోని ఎపికాటెకిన్ అను పదార్థం ఎలుకల క్లోమంలో ఇన్సులిన్ స్రవించే బీటా కణాలను తిరిగి పెంచుతుందని ప్రకటించారు. ఇతరులు చేసిన ప్రయోగాలలో అది రుజువు కాలేదు.

మనుషులపై జరిగిన వాటిలో ముఖ్యమైనది భారత వైద్య పరిశోధన మండలి 1998లో ప్రచురించిన అధ్యయనం. ఇన్సులిన్ అవసరంలేని మధుమేహం కొత్తగా బయటపడిన 97 మందికి రోజుకు 2 నుండి 4 గ్రాముల వేగిస సారం ఇచ్చారు. 12 వారాలలో 67 మందికి, అనగా 69 శాతానికి, రక్తంలో చక్కెర అదుపులోకి వచ్చింది. పోల్చి చూచుటకు మందు లేని మరొక వర్గం ఇందులో లేదు. అందువలన ఈ ఫలితంలో ఆహార నియమం పాలు ఎంతో, మందు పాలు ఎంతో తేల్చడం సాధ్యం కాదు. పైగా ఆ సారం తూచి ఇచ్చినది. కొయ్య గ్లాసు నీటిలోకి ఎంత మందు దిగుతుందో కొలత ఉండదు.

మొక్క నుండి మందు వరకు నడిచిన దారికి మెట్‌ఫార్మిన్ మంచి ఉదాహరణ. ఐరోపాలో వాడిన గలీగా అను మొక్కలోని పదార్థం విషపూరితం కాగా, దానికి దగ్గరి రసాయనాలను పరీక్షించగా మెట్‌ఫార్మిన్ లభించి, 1957లో ఫ్రాన్సులో చికిత్సకు వచ్చింది.

జాగ్రత్తలు

మొదటి రకం మధుమేహంలో శరీరం ఇన్సులిన్‌ను దాదాపు తయారుచేయదు. అట్టివారు వేగిసను నమ్మి ఇన్సులిన్ మానితే కొద్ది రోజులలోనే ప్రాణాపాయం కలుగుతుంది. మాత్రలతో పాటు వాడేవారిలో చక్కెర మరీ పడిపోవచ్చును గనుక వైద్యునికి తెలపడం అవసరం. దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి అధికంగా ఉన్న ఉద్దానం ప్రాంతం ఈ జిల్లాలోనిదే. మూత్రపిండాలు దెబ్బతిన్నవారు పరీక్ష లేకుండా ఏ మూలికనూ, ముఖ్యంగా లోహ భస్మాలు కలిసిన మందులనూ, వాడరాదు.

లభ్యత

మందుకు పనికివచ్చే చేవ ముదిరిన చెట్టులోనే ఉంటుంది. దానికై చెట్టును నరకవలసినదే. కలపకూ, మందుకూ గిరాకీ ఉన్న ఈ వృక్షాన్ని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ముప్పుకు చేరువలో ఉన్న జాతిగా పేర్కొన్నది.