పురవర్ణనము: విభావమా, అనుభావమా?

దండి కావ్యాదర్శమున మహాకావ్యమునకు విధించిన వర్ణనములలో నగరము మొదటిది. మన ప్రబంధకవులు దీనిని శ్రద్ధతో పాటించిరి. మనుచరిత్రమున అరుణాస్పదపురము ప్రవరునికంటె ముందే పాఠకునకు కానవచ్చును. ఆ మేడలును తోటలును ముందే సిద్ధమై యున్నవి. పాత్రల చిత్తవృత్తులతో వానికి సంబంధము కలిగినను అది ఉద్దీపనవిభావమువరకే. ఉద్యానము నాయికాహృదయమును రగుల్చును గాని, ఆ హృదయము ఉద్యానమును నిర్మింపదు.

ఈ క్రమము తలక్రిందులైన కల్పితనగరము నొకదానిని పరిశీలింతము. ఇటలీ రచయిత ఇటాలో కాల్వినో 1972లో ప్రకటించిన ‘అదృశ్యనగరములు’ అను గ్రంథమున మార్కోపోలో కుబ్లాయిఖానునకు 55 నగరములను వర్ణించును. అన్నిటికిని స్త్రీల పేర్లే. అందు జొబేయిదె యొకటి. నానాజాతుల పురుషులు ఒకే కలను గనిరి. రాత్రివేళ తెలియని నగరమున దీర్ఘకేశి యగు స్త్రీ యొకతె పరుగిడుచుండెను. వారు వెంబడించి, ఒక్కొక్కరును ఆమెను కోల్పోయిరి. మేలుకొని ఆ నగరమును వెదకిరి. అది దొరకలేదు గాని, ఒకరికొకరు దొరికిరి. అంతట కలలోని పురమునే కట్టదలచిరి. ప్రతివాడును తాను పరుగెత్తిన త్రోవనే వీథిగా వేసెను. ఆమె జాడ తప్పినచోట మాత్రము, మరల తప్పించుకొనకుండ, కలకు భిన్నముగా గోడలు నిలిపెను.

ఈ గోడ అభిలాషకు కారణము కాదు, కార్యము. కన్నీరును పులకయు నెట్లో ఇదియు నట్లే. కావున దీనిని అనుభావమనుటయే యుక్తమని మా అభిప్రాయము. అనుభావము దేహమున గదా ఉండవలెను, ఱాతికెట్లు చెల్లునని ఆక్షేపింపవచ్చును. ఆక్షేపము బలమైనదే. కాని భరతుడు ఆహార్యమును అభినయమున చేర్చి, కొండలు, విమానములు మున్నగువాని ప్రతిరూపములకును అందు చోటిచ్చెను. (విద్యార్థులు ఆహార్యమనగా వేషధారణ మాత్రమే యని వ్రాయుట పరిపాటియైనది.) దేహము కాని వస్తువును భావవ్యక్తికి తోడ్పడుననుటకు ఇది చాలును.

కాల్వినో అంతతో ఆగలేదు. ఆ స్త్రీ ఎన్నడును రాలేదు. కట్టినవారికి ఆ వీథులు దినదినము పనికి పోవు త్రోవలయ్యెను. కల మఱపున పడెను. స్థాయి అడుగంటినను అనుభావము నిలిచినది. కన్నీటికి ఈ గుణము లేదు. పిమ్మట అదే కల గన్న క్రొత్తవారు వచ్చి, వీథులలో తమ కలను గుర్తించి, మెట్లను స్తంభపంక్తులను మార్చిరి. ఒకరి అనుభావము మఱియొకరికి ఉద్దీపనమయ్యెను.

మన వాఙ్మయమున దీనికి పోలిక లేదనరాదు. మయసభ దుర్యోధనుని ఈర్ష్యకు ఉద్దీపనము. ఆ ఈర్ష్యను తీర్చుటకే ధృతరాష్ట్రుడు వేయి స్తంభములతో, నూరు ద్వారములతో వేఱొక సభను కట్టించెనని వ్యాసభారతము చెప్పుచున్నది. జూదము జరిగినది అందులోనే.