డిబ్రూ–సైఖోవా: నదుల నడుమ వనము

అస్సాం తూర్పు కొనను, తిన్సుకియా పట్టణమునకు ఉత్తరముగా, నదులు చుట్టిన అడవి యొకటి కలదు. ఉత్తరమున లోహిత, బ్రహ్మపుత్రలు, దక్షిణమున డిబ్రూ నది దాని యెల్లలు. 340 చదరపు కిలోమీటర్ల ఈ వనమును 1999లో జాతీయోద్యానముగా ప్రకటించిరి. యాత్రికులు గుయిజాన్ రేవున ఏటియొడ్డు విడుదులలో రాత్రి గడిపి, పడవలపై లోనికి పోవుదురు.

నీట నిలిచి పెరుగు చెట్లు, రెల్లు దుబ్బులు, అస్సాం రాష్ట్రపక్షియైన తెల్లరెక్కల బాతు, గంగా డాల్ఫినులు ఇచటి సంపద. అన్నిటికంటె వింత గుఱ్ఱములు. రెండవ ప్రపంచయుద్ధకాలపు సైన్యాశ్వముల సంతతి యని చెప్పబడు ఈ మందలు కళ్లెమెరుగక రెల్లుబయళ్ల తిరుగుచుండును.

1950 నాటి భూకంపముతో బ్రహ్మపుత్ర గర్భము మేటవేసెను. నాటినుండి ఒడ్డులు కోసికొనిపోవుచున్నవి. మనుష్యుడు చేసిన గాయము వేరు. 2020 మే 27న సమీపమునగల బాఘ్‌జాన్ చమురుబావినుండి వాయువు ఎగజిమ్మెను. జూన్ 9న రగిలిన మంట నవంబరు నడుమగాని ఆరలేదు. ఇద్దరు అగ్నిమాపక సిబ్బంది మరణించిరి. మాగురి సరస్సుపై చమురు తెట్టుగట్టెను. డాల్ఫిను కళేబరమొకటి తేలెను.

నది కోసిన మన్ను మరియొకచోట లంకయై తేలును. చమురు చేసిన చేటును కడుగుటకు వరద యొక్కటి చాలదు.