లంబాడీలు: ఎడ్ల దారుల నుంచి తండాల దాకా

మన కాలేజీ హాజరుపట్టీ తిరగేస్తే ప్రతి తరగతిలోనూ నాయక్, రాథోడ్, పవార్, చౌహాన్ అన్న పేర్లు కనబడతాయి. నేనూ ఆ పేర్లవాళ్ళలో ఒకణ్ణే. "మీది ఏ ఊరు?" అని అడిగితే "దేవరకొండ దిక్కు తండా" అంటాను. "అంతకు ముందు?" అని మాత్రం ఎవరూ అడగరు. అడగని ఆ ప్రశ్నకే నాకు తెలిసినంత జవాబు చెప్పాలని ఈ వ్యాసం.

బయటివాళ్ళు మమ్మల్ని లంబాడీలంటారు, సుగాలీలంటారు, బంజారాలంటారు. మేము మాత్రం మమ్మల్ని 'గోర్' అనుకుంటాం. మాది గోర్‌బోలి. మావాళ్ళు కానివాళ్ళు 'కోర్'. ఈ రెండు చిన్న మాటల్లో మా జాతి సరిహద్దు అంతా ఉంది.

మా పెద్దలు చెప్పే మూలస్థానం రాజస్థాన్‌లోని మార్వాడ్. మా భాష కూడా అదే సాక్ష్యం చెబుతుంది. చుట్టూ ద్రావిడ భాషలున్నా, గోర్‌బోలి రాజస్థానీకి దగ్గరి ఆర్యభాష. గ్రియర్సన్ తన భారతీయ భాషల సర్వేలో దీన్ని ప్రత్యేకంగా పరిశీలించాడు.

మావాళ్ళు దక్కనుకు ఎందుకు వచ్చారు? సరుకు మోయడానికి. రోడ్లు, రైళ్ళు లేని కాలంలో ఉప్పు, ధాన్యం పెరికెడ్ల మీద వేసుకొని దేశమంతా తిరిగింది మావాళ్ళే. 17వ శతాబ్దంలో మొగలాయి సైన్యాలు దక్కను మీదికి వచ్చినప్పుడు వాటికి తిండిగింజలు చేరవేసింది బంజారా బిడారులే. 'తండా' అన్న మాటకు మొదటి అర్థం ఊరు కాదు, కదిలే బిడారు. దాన్ని నడిపించేవాడే నాయక్. ఈనాడు మా పేర్ల వెనక నిలిచినది ఆనాటి ఉద్యోగమన్నమాట!

ఆ బతుకును రైలు ముగించింది. 1874లో వాడి నుంచి హైదరాబాద్‌కు రైలు వచ్చింది. వంద ఎడ్లు మోసే బరువును ఒక్క డబ్బా మోస్తుంటే ఎద్దుకు పనేముంది? బిడారులు ఆగిపోయాయి. మంచి భూములు అప్పటికే ఊళ్ళవాళ్ళవి కనుక మావాళ్ళకు మిగిలినవి అడవి అంచులు, గుట్టబోళ్ళు. దేవరకొండ, చందంపేట, అచ్చంపేట, కల్వకుర్తి ప్రాంతాల్లో తండాలు ఊరికి దూరంగా ఎందుకున్నాయో దీన్నిబట్టి తెలుస్తుంది. పైగా 1871లో బ్రిటిషువారు చేసిన నేరస్థ జాతుల చట్టం అనేక సంచార జాతులతోపాటు పలుచోట్ల బంజారాల మీద కూడా పుట్టుకతోనే దొంగలన్న ముద్ర వేసింది. ఆ చట్టం 1952లో రద్దయింది. ముద్ర అంత తొందరగా చెరగలేదు.

అయినా మావాళ్ళు తలవంచి కూర్చోలేదు. తెలంగాణా సాయుధ పోరాటంలో, అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోని ధర్మాపురం లంబాడీ రైతులు తమ భూమి కోసం నిలబడ్డారు. ఠానూ నాయక్ ఆ పోరాటంలోనే ప్రాణాలిచ్చాడు.

ఇక చట్టం మాట. ఆంధ్ర, రాయలసీమ జిల్లాల్లో సుగాలీలు ముందునుంచే షెడ్యూల్డు తెగ. తెలంగాణాలో ఆ హోదా 1976 సవరణ చట్టంతోనే వచ్చింది. కర్ణాటకలో మా చుట్టాలు షెడ్యూల్డు కులం, మహారాష్ట్రలో విముక్త జాతి. సరిహద్దు దాటి పిల్లనిస్తే కులం కాగితమే మారిపోతుంది! కాబట్టి మేమెవరమో కాగితం చెప్పలేదు. మరి ఏది చెబుతుంది? సేవాలాల్ మహరాజ్ మీద భక్తి, శ్రావణంలో పెళ్ళికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు మొలకెత్తించే తీజ్, మా అమ్మలు అద్దాలు కుట్టుకొన్న కాంచళి, వీటన్నిటినీ కలిపి కుట్టిన దారం గోర్‌బోలి.

ఇక్కడ దూరదేశపు ముచ్చట ఒకటి చెప్పాలి. కల్మికులనే మంగోలు జాతివారు 17వ శతాబ్దంలోనే మందలు తోలుకొని మధ్య ఆసియా నుంచి రష్యాలోని వోల్గా తీరానికి వచ్చారు. బౌద్ధాన్నీ భాషనూ కాపాడుకున్నారు. 1943 డిసెంబరులో స్టాలిన్ ప్రభుత్వం ఆ జాతినంతటినీ రైళ్ళకెక్కించి సైబీరియాకు తోలింది. ఎందరో చనిపోయారు. 1957 నుంచి తిరిగి రాగలిగారు గాని, ప్రవాసంలో పెరిగిన పిల్లల నోట భాష సన్నగిల్లింది. ఇప్పుడు కల్మిక్ యునెస్కో వారి అపాయ భాషల జాబితాలో ఉంది.

మమ్మల్నెవరూ సైబీరియాకు పంపలేదు. 2011 లెక్కల ప్రకారం తెలంగాణాలో మేము సుమారు 20 లక్షలం. 2018 చట్టం తరువాత వెయ్యికి పైగా తండాలు, గూడేలు పంచాయతీలయ్యాయి. ఇవన్నీ సంతోషించదగినవే. కాని గోర్‌బోలికి సొంత లిపి లేదు, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో చోటు లేదు. ఇక్కడ తెలుగు లిపిలో, మహారాష్ట్రలో నాగరి లిపిలో రాసుకుంటున్నాం. హాస్టల్లో చేరిన పిల్లవాడు నలుగురూ నవ్వుతారని 'యాడి' అనడం మాని 'మమ్మీ' అంటున్నాడు. బలవంతం లేకుండానే భాష పోయే తీరు ఇది.

మిత్రులకు నా మనవి ఒక్కటే. సెలవుల్లో తండాకు పోయినప్పుడు ముసలవ్వ పక్కన కూర్చోండి. ఆమె పాటలు, సామెతలు తెలుగు అక్షరాల్లోనే ఒక నోటుబుక్కులో రాయండి. లంబాడీలు కాని మిత్రులు మీ పక్క బెంచీలో కూర్చున్న నాయక్‌ను ఒక్క మాట అడిగి నేర్చుకోండి. లిపి లేని భాషకు ఆ నోటుబుక్కే తొలి గ్రంథాలయం.