పల్లమున ట్రాలీ దింపుట

బస్తా 75 కిలోల చొప్పున 40 బస్తాల ధాన్య మనగా 3 టన్నులు. ఇంత బరువుతో కాలువగట్టు దిగునపుడు, డీజిలు ఆదా యగునని కొందఱు ట్రాక్టరును న్యూట్రలులో విడుచుచున్నారు. ఇది ప్రాణాపాయకరము. గేరులో నున్నపుడు ఇంజను బండి వేగమును అదుపు చేయును. న్యూట్రలులో భారమంతయు బ్రేకులపై బడి, అవి వేడెక్కి పట్టుదప్పును. బ్రేకులు లేని ట్రాలీ ట్రాక్టరును వెనుకనుండి నెట్టి అడ్డముగా త్రిప్పివేయును.

ఆదాయును భ్రమయే. గేరులో నుండి యాక్సిలరేటరు విడిచినచో పంపు ఇంజనునకు డీజిలును దాదాపు ఆపివేయును. న్యూట్రలులో ఇంజను తిరుగుటకు డీజిలు ఖర్చగుచునే యుండును.

కావున రైతు సోదరులు కుడి యెడమ బ్రేకు పెడళ్లను ముందుగా జతపఱచుకొనవలయును. వాలునకు ముందే తక్కువ గేరు వేయవలయును. దిగునంతవఱకు గేరు మార్చరాదు, క్లచ్చి త్రొక్కరాదు.