చార్మినార్ వాకిట్లో చెర్రీ పూస్తుందా?

ఏప్రిల్ రెండో వారం వచ్చిందంటే న్యూజెర్సీ నుంచి ఫొటోలు మొదలవుతాయి. నెవార్క్‌లోని బ్రాంచ్ బ్రూక్ పార్కులో గులాబీ రంగు కొమ్మల కింద పట్టుచీరల్లో, లంగా ఓణీల్లో మనవాళ్లు. ఆ ఒక్క పార్కులోనే 5,000కు పైగా పూల చెర్రీలున్నాయి. అమెరికాలో చెర్రీలంటే పేరు వాషింగ్టన్‌ది గానీ చెట్ల లెక్కలో ఇదే పెద్దది. 1927లో కరోలిన్ బాంబర్గర్ ఫుల్డ్ అనే ఆవిడ ఇచ్చిన రెండు వేల పైచిలుకు మొక్కలతో మొదలైంది. ఆ ఫొటోలు శాలిబండలోనో మొఘల్‌పురాలోనో ఉన్న అమ్మమ్మ ఫోనుకు చేరాక అటునుంచి వచ్చే ప్రశ్న ఒకటే: "ఈ చెట్టు మన వాకిట్లో పెట్టుకోవచ్చా బిడ్డా?"

పెట్టుకోవచ్చు, పూయదు. అది ఎండ వల్లనే అనుకుంటారు చాలామంది. ఎండ సంగతి తర్వాత. అసలు చిక్కు మన జనవరితో.

చెర్రీ వచ్చే ఏడాది పూసే పూల మొగ్గల్ని ఈ ఏడాది వేసవిలోనే కట్టుకుంటుంది. ఆకులు రాలేనాటికి ఆ మొగ్గలు పొలుసుల్లాంటి రేకుల్లో బిగుసుకుని నిద్రలోకి పోతాయి. మధ్యలో నాలుగు రోజులు వెచ్చగా ఉన్నంత మాత్రాన అవి లేవవు. లేస్తే వెనకాలే వచ్చే మంచుకు మాడిపోతాయి కదా. అందుకని మొగ్గ చలిని కూడబెట్టుకుంటుంది. సున్నా నుంచి ఏడు డిగ్రీల మధ్య గడిచిన గంటలే ఎక్కువగా లెక్కలోకి వస్తాయి. రకాన్ని బట్టి కొన్ని వందల గంటలు కావాలి, కొన్నింటికి వెయ్యి దాకా కావాలి. ఆ కోటా నిండాకే వెచ్చదనానికి మొగ్గ స్పందిస్తుంది. నిండకపోతే చెట్టు చావదు, సరిగ్గా లేవదు: ఒక కొమ్మన ఆకు, ఇంకో కొమ్మన ఎండుపుల్ల, పూలు ఒకటీ అరా.

చలి తగలాల్సింది వేరుకా, మొగ్గకా? దీన్ని తేల్చినాయన ఫ్రెడరిక్ కోవిల్, అమెరికా వ్యవసాయ శాఖ వృక్షశాస్త్రవేత్త. 1920లో అచ్చయిన ఆయన పరిశోధనలో ఒక ముచ్చటైన ప్రయోగం ఉంది. బ్లూబెర్రీ మొక్కను వెచ్చని అద్దాల గదిలో ఉంచి, ఒక్క కొమ్మను మాత్రం బయటి చలిలోకి తీశాడు. వసంతంలో ఆ బయటి కొమ్మే చిగిర్చింది. లోపలి కొమ్మలు అదే మొక్కవి, అదే వేరు నీళ్లు తాగినవి, అయినా మొద్దుల్లా ఉండిపోయాయి. అంటే ఏ మొగ్గ లెక్క దానిదే. తొట్టి మట్టిలో ఐసుముక్కలు వేస్తే చెర్రీ పూస్తుందని చెప్పే వీడియోలను దీన్ని గుర్తుంచుకుని చూడండి.

హైదరాబాద్‌లో జనవరి రాత్రుళ్లు సగటున 15 డిగ్రీల దగ్గర ఆగుతాయి. పగలు 28, 29. ఇక్కడ ఓపికున్న పాఠకుడు ఒక మంచి ప్రశ్న వేయొచ్చు. జపాన్ దక్షిణాన ఒకినావా దీవుల్లో కూడా జనవరి రాత్రుళ్లు దాదాపు మనలాగే ఉంటాయి, మరి అక్కడ చెర్రీ పూస్తోంది కదా? పూస్తుంది. అది తైవాన్ చెర్రీ జాతిది, ముదురు గులాబీ రంగు, గంటల్లా వేలాడే పూలు. చాలా కొద్ది చలితో సరిపెట్టుకుంటుంది. తమాషా ఏమిటంటే, జపాన్ ప్రధాన భూభాగంలో పూత దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంటే ఒకినావాలో తిరగబడి ఉత్తరాది కొండల నుంచి దక్షిణానికి దిగుతుంది. చలి ముందు తగిలేది అక్కడే కనక. కానీ ఒకినావాలో జనవరి పగలు కూడా 20 డిగ్రీల దగ్గరే ఉంటుంది. మన దగ్గర రాత్రి కాస్తో కూస్తో చేరిన చలిని మధ్యాహ్నపు వేడి చెరిపేస్తుంది, పొద్దున దాచిన చిల్లర మధ్యాహ్నానికే ఖర్చయినట్టు.

ఇక వేసవి. మే నెలలో 40 దాటే ఎండ, పొడిగాలి, చార్మినార్ చుట్టూ పరిచిన గ్రానైటు రాయి, రాత్రయినా సెగ వదలని డాబాలు. చెర్రీ బెరడు పలచన, వేళ్లు పైపైన. దానికి తోడు బోరు నీళ్లలోని సున్నం వల్ల ఇనుము అందక ఆకు ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపుబారుతుంది. రెండు మూడు వేసవులు గట్టెక్కడమే గొప్ప.

అయితే ఎప్పటికీ ఇంతేనా అంటే అలాగని చెప్పలేను. చెర్రీకి దగ్గరి చుట్టం యాపిల్, రెండూ గులాబీ కుటుంబానివే. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా ధనోరాలో ఒక రైతు యాపిల్ కాయించాడు. హబ్సిగూడలోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు తోడు నిలిచారు. అది హిమాచల్‌లో తక్కువ చలికి కాసేలా ఎంపికచేసిన హెచ్‌ఆర్‌ఎమ్‌ఎన్-99 రకం. పళ్లచెట్టుకు మార్కెట్ ఉంది కాబట్టి అంత శ్రమ పడ్డారు. పూలకోసం పెంచే చెర్రీ మీద మన మైదానాల కోసం అలాంటి పని జరిగినట్టు నేనెరగను.

చెర్రీని నిజంగా పెంచగలిగినవాళ్లు ఎడిసన్‌లోనో ఉత్తర వర్జీనియాలోనో ఇల్లు కొన్న మన పిల్లలు. వాళ్లు చేసే పొరపాట్లు కూడా దాదాపు ఒకేలా ఉంటాయి. మొదటిది లోతుగా పాతడం. కాండం నేలను తాకేచోట వెడల్పయి వేళ్లలోకి తిరుగుతుంది కదా, ఆ వంపు కంటికి కనబడాలి. మట్టిలో పూడిపోతే బెరడు కుళ్లుతుంది. ఎండుటాకులో చెక్కపొట్టో చెట్టు చుట్టూ నేలమీద కప్పితే మంచిదే, కాండానికి జానెడు దూరం వదలాలి. కాండం చుట్టూ కుప్పపోసి పుట్టలా కట్టడం అమెరికాలో ఊరంతా కనిపించే జబ్బు. నీళ్లు నిలిచే నేల అసలు పనికిరాదు.

కత్తిరింపు చలికాలంలో వద్దు. పూలు రాలాక, వేసవి మొదట్లో పొడి వాతావరణం చూసి చేయాలి. తడిగా ఉన్నప్పుడు కోస్తే ఆ గాయంలోంచి బూజు, బాక్టీరియా దూరతాయి. కాండం మీద తేనెరంగు బంక ముద్దలు కట్టిందంటే చెట్టు ఎక్కడో ఇబ్బంది పడుతోందన్నమాట: తొలిచే పురుగు కావచ్చు, గడ్డి కోసే యంత్రం తగిలిన దెబ్బ కావచ్చు, వేళ్లకు నీరెక్కువైనా కావచ్చు. బంక గీకేసి ప్రయోజనం లేదు, కారణం వెతకాలి. శరదృతువులో మగ జింకలు కొమ్ములు రుద్దుకోవడానికి లేత చెర్రీనే వెతుక్కుంటాయి, కాండం చుట్టూ జాలీ కట్టండి.

కొమ్మలు కిందికి జాలువారే చెర్రీ కొన్నవాళ్లకు ఇంకో సంగతి. చాలావాటిలో అంటు నేల దగ్గర ఉండదు, మనిషెత్తున ఉంటుంది. కాండం ఒక జాతిది, పైన వేలాడే గొడుగు ఇంకో జాతిది. ఒక వేసవిలో ఆ కాండంలోంచి నిటారుగా రెండు కొమ్మలు లేస్తాయి. చెట్టు బలంగా పెరుగుతోందని మురిసిపోతారు. నాలుగేళ్లకు గొడుగు మాయమై పైకి లేచిన చెట్టే మిగులుతుంది, పూలు కూడా వేరు. అంటు దిగువనుంచి వచ్చే పిలకల్ని కనబడ్డ రోజే మొదలంటా తీసేయాలి.

మొక్క కొనేటప్పుడు వేళ్లు చూసి తీసుకోండి. వాషింగ్టన్‌కు 1910లో జపాన్ పంపిన మొదటి 2,000 చెట్లు పురుగులు, నులిపురుగులు పట్టి ఉన్నాయని తేలి తగలబెట్టాల్సి వచ్చింది. టోక్యో మేయర్ యుకియో ఒజాకి నొచ్చుకోకుండా 1912లో 3,020 మొక్కలు మళ్లీ పంపాడు. ఇంత చేసినా చెర్రీది తక్కువ ఆయుష్షే. వాషింగ్టన్‌లో ఎక్కువగా ఉన్న యోషినో రకం నలభై, యాభై ఏళ్లకు ముసలిదవుతుంది.

మళ్లీ పాతబస్తీకి వద్దాం. ఇక్కడ చెర్రీ పేరుతో దొరికేవాటిలో చెర్రీ కానివే ఎక్కువ. బేకరీ కేకు మీద మెరిసే ఎర్ర ఉండ చాలాసార్లు రంగు వేసి పాకంలో ఊరబెట్టిన వాక్కాయ. నర్సరీవాళ్లిచ్చే సింగపూర్ చెర్రీ అమెరికా ఉష్ణమండలం నుంచి వచ్చిన వేరే చెట్టు. పిట్టలకు విందు, నీడ బాగుంటుంది, తెల్లపూలు మాత్రం వెతికి చూడాలి. జపాన్ చెర్రీ అంటూ ఆన్‌లైన్‌లో అమ్మే 'సకురా విత్తనాలు' కొనకండి. పేరున్న పూల చెర్రీలు అంటుకట్టి పెంచేవి, విత్తనం వేస్తే తల్లిలా రావు. మూలికల దుకాణాల్లో అడిగే పద్మకాష్ఠం మాత్రం సిసలైన చెర్రీయే, హిమాలయ అడవి చెర్రీ చెక్క. ఆ చెట్టు పూత చూడాలంటే నవంబరులో షిల్లాంగ్ వెళ్లాలి. అక్కడ 2016 నుంచి దాని పేరిట ఉత్సవం కూడా చేస్తున్నారు.

ఆకు లేకుండా కొమ్మంతా పూయడమే మనసులో ఉంటే మనకూ చెట్లున్నాయి. అవి చలికి కాదు, నీటి కరువుకు ఆకు దులిపి పూసేవి. ఎర్రనేలల్లో పొలం గట్ల మీద పచ్చిరొట్ట కోసం నాటే గిరిపుష్పాన్ని ఫిబ్రవరిలో చూడండి. బోడికొమ్మ పొడవునా తెలుపూ గులాబీ కలిసిన పూలు. నా లెక్కన చెర్రీకి అతి దగ్గరి పోలిక అదే, కానీ ఎరువు చెట్టని మనం దాని మొహం చూడం. బెంగళూరులో చెర్రీ అని మురిసిపోయే టబెబూయా కూడా అందమైనదే, బాగా పెద్దదవుతుంది. మీర్ ఆలం చెరువు గట్టు లాంటి చోట బాగుంటుంది, గల్లీ ఇంటికి వద్దు.

గల్లీ ఇంటికి, పాత దేవిడీ ముంగిలికి నేను చెప్పేది దేవకాంచనం. ఉర్దూలో కచ్నార్. ఒంటె గిట్టలా చీలిన ఆకు, అయిదు రేకుల పువ్వు, అందులో ఒక రేకు మీద ముదురు గులాబీ గీతలు. ఉత్తరాదిలో మొగ్గల్ని కూర వండుతారు కూడా. తొలకరి పడ్డాక రెండడుగుల గుంత తీసి, ఎర్రమట్టిలో మాగిన పశువుల ఎరువు కలిపి నాటండి. మొదటి రెండు వేసవులు వారానికి రెండుసార్లు నిండుగా నీళ్లు పెట్టాలి. చెట్టు కుదురుకున్నాక డిసెంబరు, జనవరిలో నీళ్లు బాగా తగ్గించండి, ఆకు రాలితే కంగారు పడొద్దు. కత్తిరింపు పూలయ్యాకే, మార్చి ఆఖర్లో. వర్షాకాలం దాటాక కత్తెర పెడితే ఆ ఏడాది పూలను కోసినట్టే.