విల్లుకీ చెమట పడుతుంది!

పని అయిపోగానే అల్లెతాడు విప్పెయ్యాలి. విల్లుని గోడకి నిలబెట్టకూడదు, పడుకోబెట్టాలి. నిలబెడితే అలిసిపోతుంది, చెమట పడుతుంది. పడుకున్న విల్లుని ఎవరూ దాటకూడదు. పిల్లలు తాకకూడదు, ఆడవాళ్లు అసలే ముట్టుకోకూడదు. ముట్టుకుంటే బాణం వంకరగా పోతుంది. పొరపాటున అలాంటిదేమైనా జరిగితే ఇసుకతో తోమి నీళ్లతో కడిగితేగానీ దోషం పోదు.

దసరాకి పనిముట్లకు బొట్టు పెట్టే మనకి ఇందులో పెద్ద వింతేమీ కనిపించదు. కానీ అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో ఈ మాటలు వింటున్న సాక్స్‌టన్ పోప్‌కి అంతా కొత్తే. అతనో సర్జన్. 1912లో అక్కడి యూనివర్సిటీ వైద్య కళాశాలకి వచ్చాడు. చెబుతున్నది పక్కనే ఉన్న మ్యూజియంలో ఊడ్చి తుడిచే పనిచేస్తూ అక్కడే ఉంటున్న మనిషి. పేరు ఇషి. యాహి తెగలో మిగిలిన ఆఖరి మనిషి!

అసలు ‘ఇషి’ అనేది పేరే కాదు. వాళ్ల భాషలో ‘మనిషి’ అని అర్థం, అంతే. తన పేరు తాను చెప్పుకోవడం వాళ్ల ఆచారం కాదు. ఇంకొకరు చెప్పాలి. చెప్పడానికి ఆ ఇంకొకరు ఎవరూ బతికి లేరు. ఏదో ఒకటి పిలవాలి కదా అని మ్యూజియం బాధ్యతలు చూసే ప్రొఫెసర్ ఆల్‌ఫ్రెడ్ క్రోబర్ పెట్టిన పేరది.

చప్పుడు చెయ్యని ఆయుధం

ఉత్తర కాలిఫోర్నియాలో లాసెన్ పర్వతం దిగువన మిల్ క్రీక్, డీర్ క్రీక్ అని రెండు వాగులున్నాయి. రెండోదాని పేరుకి అర్థం జింకల వాగు. యాహిల సీమ అదే. 1848లో కాలిఫోర్నియాలో బంగారం బయటపడింది. జనం వరదలా వచ్చిపడ్డారు. అడవిలో వేట తగ్గింది, వాగుల్లో చేపలు తగ్గాయి. ఆకలికి ఓర్చుకోలేక యాహిలు వలసదారుల పశువుల్ని పట్టుకుపోతే, వలసదారులు తుపాకులతో వచ్చి గూడేలకు గూడేలనే తుడిచిపెట్టారు. 1870ల నాటికి మిగిలింది వేళ్లమీద లెక్కపెట్టేంత మంది. ఆ కొద్దిమందీ లోయల్లో దాక్కుని దాదాపు నలభై ఏళ్లు బతికారు. నేలమీద అడుగు గుర్తు పడకుండా రాళ్ల మీద నడిచేవారు. పొగ కనపడకుండా చిన్న చిన్న మంటలు వేసుకునేవారు. ఇక వేట... తుపాకీ పేలిందంటే లోయంతా మారుమోగుతుంది. విల్లయితే ఎవరికీ వినపడదు. అన్నేళ్లు వాళ్ల కడుపు నింపింది, జాడ బయటపడకుండా కాపాడింది ఆ విల్లే.

1908లో సర్వే చేయడానికి వచ్చినవాళ్లు ఈ స్థావరాన్ని చూశారు. లేవలేని స్థితిలో ఒక ముసలావిడ తప్ప మిగతావాళ్లంతా పారిపోయారు. వచ్చినవాళ్లు ఆమెనేమీ అనలేదుగానీ, విల్లు, బాణాలు, చలికి కప్పుకునే తోళ్లు... దొరికినవన్నీ జ్ఞాపకంగా ఉంటాయని పట్టుకుపోయారు. ఆ జ్ఞాపికలే ఆ ఇంటివాళ్లకి తిండి, బట్ట! ముసలావిడ ఇషి తల్లి. ఆ తర్వాత కొన్నాళ్లకే ఆమె చనిపోయింది. చెల్లాచెదురైన మిగతా ఇద్దరూ ఇషికి మళ్లీ కనిపించలేదు. మూడేళ్లు ఒంటరిగా తిరిగి, 1911 ఆగస్టు 29న ఓరోవిల్ అనే ఊరి శివార్లలోని కబేళా దగ్గర దొరికాడు. తల వెంట్రుకలు పొట్టిగా కాల్చుకుని ఉన్నాయి. అయినవాళ్లు పోయారనడానికి అది గుర్తు.

ఏకలవ్యుడికి లేని బొటనవేలు

మ్యూజియానికి వచ్చే వేలమంది ముందు ఇషి బాణపు ములుకులు చెక్కి చూపించేవాడు. గాజులా మెరిసే నల్లటి అగ్నిపర్వతపు రాయిని జింక కొమ్ము మొనతో ఒత్తుతుంటే పొరలు పొరలుగా లేచిపోయి కత్తిలాంటి అంచు తేలేది. ఆ రాయి లేకపోతే సీసా పెంకు అయినా సరే.

విల్లు పని అంత తొందరగా తెమిలేది కాదు. కొండల్లో పెరిగే జూనిపర్ చెట్టు నుంచి చెక్క తీసి, నెమ్మదిగా చివ్వి, కాలిన రాయి మీద కొసలు వంచాలి. తర్వాత జింక కాళ్ల నుంచి తీసిన నరాల్ని నోట్లో వేసుకుని మెత్తబడేదాకా నమలాలి. సాల్మన్ చేప తోలు ఉడికించి చేసిన జిగురుతో వాటిని విల్లు వీపుకి వరసగా అంటించాలి. అవి ఆరి బిగుసుకుంటేనే విల్లు విరగకుండా వంగుతుంది. అల్లెతాడూ ఆ నరాలతో పేనిందే. అంటే జింకని కొట్టాలంటే ముందు జింక కావాలన్నమాట! ఇంతాచేసి దాని పొడవు మూడున్నర అడుగులే. ఎవరి విల్లు వాళ్ల కొలతకే ఉండాలి... చాచిన చేతి వేళ్ల కొస నుంచి అవతలి తుంటి దాకా.

పోప్‌ని ఆశ్చర్యపరిచింది ఇషి తాడు లాగే పద్ధతి. ఇంగ్లిషువాళ్లు వేళ్లతో లాగితే, అతను బొటనవేలు తాడుకి తగిలించి లాగేవాడు. ద్రోణుడు ఏకలవ్యుణ్ని బొటనవేలే ఎందుకడిగాడో ఈ పద్ధతి చూస్తే అర్థమవుతుంది. కూర్చునో మోకాళ్ల మీదో, విల్లుని ఒంటికి అడ్డంగా ఏటవాలుగా పట్టుకుని కొట్టేవాడు. పొదల మాటున నిలబడితే కనపడిపోతారు మరి.

ముక్కుకి దొరక్కూడదు

పోప్ విద్య త్వరగానే పట్టుకున్నాడు. దూరంగా బోర్డు పెట్టి కొడితే కొన్నాళ్లకి గురువునే మించిపోయాడు. అసలు చిక్కు అడవిలో వచ్చింది. జింక బోర్డులా నిలబడదు. పది ఇరవై గజాల దగ్గరికి వెళితేగానీ ఆ చిన్న విల్లుతో పనికాదు. ఆ దగ్గరికి వెళ్లడమే వేట. బాణం వదలడం చివరి క్షణం మాత్రమే.

వేట ఉందంటే ఇషి ముందురోజు నుంచే చేప ముట్టుకునేవాడు కాదు, పొగ తాగేవాడు కాదు. తెల్లవారకముందే వాగులో స్నానం చేసి, పుదీనా జాతి ఆకుతో ఒళ్లు రుద్దుకుని, నోరు పుక్కిలించి, ఏమీ తినకుండా బయల్దేరేవాడు. వ్రతంలా కనిపిస్తుందిగానీ, ఇదంతా జింక ముక్కుకి దొరక్కుండా ఉండేందుకు కూడా. చొక్కా, చెప్పులు ఉండవు. పొదలకి గుడ్డ రాసుకున్నా చప్పుడే కదా. గాలి తనవైపు వీస్తోందా లేదా చూసుకుని అడుగు వేసేవాడు. ఒక్కోసారి గడ్డి కూరిన జింక తలని నెత్తిన పెట్టుకుని పొదచాటు నుంచి పైకీ కిందకీ ఆడిస్తే, ఇదేమిటా అని జింకలే దగ్గరికొచ్చేవి. లేతాకుని మడిచి పెదాల మధ్య పెట్టుకుని పిల్లజింకలా అరిస్తే తల్లిజింక పరుగెత్తుకొచ్చేది. వినడానికి మనసుకి కష్టంగానే ఉంటుంది. కానీ ఆ జింకతోనే వాళ్లకి కూడు, గుడ్డ, మరో విల్లూనూ.

బాణం తగిలాక కూడా తొందర పనికిరాదు. తుపాకీ గుండులా అది అక్కడికక్కడ పడగొట్టదు. జింక కొంతదూరం పరుగెత్తి ఎక్కడో పడుకుంటుంది. వెంటపడితే భయపడి ఇంకా దూరం పోతుంది. అందుకే కదలకుండా కూర్చోవాలి, ఆ తర్వాతే నెత్తుటి చుక్కలు వెతుక్కుంటూ వెళ్లాలి.

ఇంత నేర్చుకున్నారు కదా, గురుశిష్యులిద్దరూ కలిసి ఎన్ని జింకల్ని కొట్టారు? ఒక్కటి కూడా లేదు! 1923లో అచ్చయిన తన పుస్తకంలో పోప్ ఈ సంగతి దాచుకోలేదు. చాలాసార్లు వెళ్లారు, బాణాలూ వేశారు. దూరం ఎక్కువై కొన్ని, చెట్టు అడ్డమై కొన్ని, నేల పల్లమై కొన్ని... అన్నీ తప్పాయి. పక్కన తనలాంటి కొత్తవాడు ఉండటం, తెల్లవాళ్లకి ఎప్పుడూ తీరిక లేకపోవడం వల్లే ఇషి ఆట సాగలేదని రాసుకున్నాడు. గుర్రాలెక్కి, సెలవులు లెక్కపెట్టుకుంటూ వెళ్లేవాళ్ల కోసం జింకలు ఆగవు.

1914 మేలో క్రోబర్, పోప్ మరికొందరితో కలిసి ఇషిని డీర్ క్రీక్‌కి తీసుకెళ్లారు. మొదట రానన్నాడు. తనవాళ్లంతా పోయిన చోటది. వెళ్లాక మాత్రం వాగులో ఈదాడు, పాత దారులన్నీ చూపించాడు. చూపించడం అయ్యాక మళ్లీ మ్యూజియానికి వచ్చేశాడు.

క్షయ అతన్ని 1916 మార్చి 25న తీసుకుపోయింది. వైద్యం చేసింది పోప్. దహనం చేసేటప్పుడు పక్కన ఒక విల్లు, ఐదు బాణాలు, సింధూర గింజల పిండి ఉన్న బుట్ట పెట్టారు. ఇంత ఆప్యాయంగా సాగనంపినవాళ్ల మధ్యే మింగుడుపడని పని కూడా జరిగింది. శవాన్ని కొయ్యొద్దని క్రోబర్ న్యూయార్క్ నుంచి రాసిన ఉత్తరం ఆలస్యంగా చేరింది. అప్పటికే కోశారు, మెదడు తీసి దాచారు. వద్దని రాసిన క్రోబరే దాన్ని తర్వాత స్మిత్‌సోనియన్ సంస్థకి పంపాడు. అది అక్కడే ఉందని 1999లో గానీ తేలలేదు. మరుసటి ఏడాది ఇషి బంధువర్గానికి చెందిన తెగలవాళ్లు మెదడునీ అస్థికల్నీ తీసుకెళ్లి, ఎక్కడన్నది బయటపెట్టకుండా పాతిపెట్టారు. నలభై ఏళ్లు దాక్కున్న మనిషిని మళ్లీ దాచేశారు.

పోప్ విల్లు దించలేదు. మిత్రుడు ఆర్థర్ యంగ్‌తో కలిసి జింకల్ని, ఎలుగుబంట్లనీ వేటాడి 1926లో చనిపోయాడు. అమెరికాలో విల్లువేటకి మళ్లీ ఊపిరిపోసింది అతనేనంటారు. 1961లో అక్కడి విల్లు వేటగాళ్లు పెట్టుకున్న సంఘానికి ఆ ఇద్దరి పేర్లే పెట్టారు. ఇషి పేరు మాత్రం ఒక అడవికి దక్కింది. మిల్ క్రీక్, డీర్ క్రీక్ పారే ఆ లోయల్ని 1984లో ‘ఇషి వైల్డర్‌నెస్’గా ప్రకటించారు. చలికాలం వస్తే పైన కొండల మీద మంచు పడుతుంది. జింకలు మందలు మందలుగా ఆ లోయల్లోకి దిగుతాయి.