ల్యాప్‌టాపుకు సిమ్ ఎందుకుండదు?

మూడు వందల డాలర్ల ఫోను ఎక్కడికి వెళ్ళినా తనంతట తానే నెట్‌వర్కును పట్టుకుంటుంది. దానికి నాలుగింతలు ఖరీదు చేసే ల్యాప్‌టాపు మాత్రం విమానాశ్రయంలో తెరవగానే వై-ఫై కోసం వెతుక్కుంటుంది. దొరకకపోతే ఆ ఫోన్నే ఆశ్రయిస్తుంది. దీన్ని సాంకేతిక లోపంగా భావించేవారు చాలామంది. కానీ సెల్యులర్ మోడెమ్ అమర్చిన ల్యాప్‌టాపులు దాదాపు ఇరవయ్యేళ్ళుగా మార్కెట్లో ఉన్నాయి. థింక్‌ప్యాడ్, ఎలైట్‌బుక్ వంటి ఆఫీసు శ్రేణుల్లో అదనపు ధర చెల్లిస్తే ఇప్పటికీ దొరుకుతాయి.

ఇంజనీర్లకు ఇబ్బందులు లేవని కాదు. 700 మెగాహెర్ట్‌జ్ తరంగం పొడవు సుమారు 43 సెంటీమీటర్లు. అందులో నాలుగో వంతు పొడవున్న ఆంటెనా కావాలన్నా 11 సెంటీమీటర్ల చోటు వెతకాలి. లోహపు చట్రం సంకేతాన్ని అడ్డుకుంటుంది. ఒళ్ళో పెట్టుకొనే యంత్రం కనుక రేడియో శక్తి పరిమితులకు లోబడాలి, దేశదేశానా అనుమతులు పొందాలి. అయితే ఇవే సమస్యలను టాబ్లెట్ల తయారీదారులు ఎప్పుడో పరిష్కరించుకున్నారు.

పేటెంట్ల సంగతి ఇంతకంటె చిక్కైనది. సెల్యులర్ పేటెంట్లలో పెద్ద వాటా ఉన్న క్వాల్‌కామ్ తన రుసుమును మోడెమ్ ధర మీద కాక మొత్తం ఫోను ధరలో శాతంగా లెక్కగట్టింది. కుళాయి బిగించినవాడు ఇంటి విలువలో వాటా అడిగినట్టుగా ఉందని విమర్శకుల ఆక్షేపణ. ఫోనుకు విలువ వచ్చేదే నెట్‌వర్కు వల్ల కదా అని కంపెనీ వాదన. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2017లో దావా వేసింది. 2019లో కింది కోర్టు కంపెనీకి వ్యతిరేకంగా తీర్పునిస్తే, 2020లో అప్పీలు కోర్టు దాన్ని కొట్టివేసింది. ఫోను విషయంలో కంపెనీ వాదనను కొంతవరకూ ఒప్పుకోవచ్చు. నెట్‌వర్కు లేకపోయినా తన పని తాను చేసుకుపోయే ల్యాప్‌టాపుకు అదే తర్కాన్ని వర్తింపజేయడం నాకు సబబుగా తోచదు.

అయినా ధర ఒక్కటే కారణమైతే ఐప్యాడూ విఫలం కావాలి. 2010లో 3జి ఉన్న తొలి ఐప్యాడుకు 130 డాలర్లు ఎక్కువ పెట్టి మరీ కొన్నారు. అసలు చిక్కు కొన్న తరువాత నెలనెలా వచ్చే బిల్లులో ఉంది. 2008 చివర్లో రేడియోషాక్ దుకాణాల్లో ఏసర్ నెట్‌బుక్ వంద డాలర్లకే అమ్మారు. షరతు ఏమిటంటే ఏటీ అండ్ టీతో రెండేళ్ళ ఒప్పందం, నెలకు 60 డాలర్లు, 5 జీబీ పరిమితి. అంటే వంద డాలర్ల యంత్రానికి 1,440 డాలర్ల కనెక్షను! ఫోను కోసం జనం ఒప్పుకున్న ఈ బేరం కంప్యూటరు దగ్గర సాగలేదు. ఫోను అమ్మేది నెట్‌వర్కు కంపెనీ. కంప్యూటరు మనం నేరుగా కొనుక్కునేది. 2013లో గూగుల్ తన క్రోమ్‌బుక్ పిక్సెల్ ఎల్‌టిఈ నమూనాకు 150 డాలర్లు అదనంగా తీసుకొని, రెండేళ్ళపాటు నెలకు 100 ఎంబీ ఉచితమంది. ఒక మోస్తరు వీడియో పది నిమిషాలు చూస్తే అయిపోయే డేటా అది. ఆ రోజుల్లో హైదరాబాదు హాస్టళ్ళలో రాజ్యమేలిన టాటా ఫోటాన్, రిలయన్స్ నెట్‌కనెక్ట్ డాంగిళ్ళు ఈ లెక్కన తెలివైనవి: నచ్చకపోతే పీకి పక్కన పెట్టవచ్చు.

ఆఫీసు శ్రేణుల్లో సిమ్ బతికి ఉండటానికీ కారణం ఇదే. అక్కడ బిల్లు కట్టేది యజమాని.

ఆండ్రాయిడ్‌లో 2010లోనూ, ఐఫోన్‌లో 2011లోనూ హాట్‌స్పాట్ రావడంతో ఈ వ్యవహారం ఫోను చేతిలోకి పోయింది. కానీ డబ్బు కట్టి కొన్న డేటాను ఏ తెర మీద వాడుకోవాలో నిర్ణయించే హక్కు ఎవరిది? హాట్‌స్పాటుకు వెరైజన్ మొదట్లో విడిగా నెలకు 20 డాలర్లు తీసుకొనేది. ఆ రుసుమును తప్పించే ఆప్‌లను కస్టమర్లకు అందకుండా చేసిందన్న ఆరోపణపై ఎఫ్‌సీసీ విచారణ జరిపింది. ఆ కంపెనీ వేలంలో కొన్న 700 మెగాహెర్ట్‌జ్ స్పెక్ట్రమ్‌కు, వినియోగదారుల ఆప్‌లను అడ్డుకోరాదన్న నిబంధన ఉంది. 2012లో 12.5 లక్షల డాలర్లు చెల్లించి రాజీ పడింది. నేటి అన్‌లిమిటెడ్ ప్లాన్లు చాలావాటిలోనూ హాట్‌స్పాటుకు వేరే పరిమితి ఉంటుంది. అది దాటితే వేగం పడిపోతుంది. టవరు అదే, ఫోనూ అదే, తెర మారేసరికి లెక్క మారుతుంది.

చిప్పు వైపు నుంచి అడ్డంకులు క్రమంగా సడలుతున్నాయి. ఇంటెల్ మోడెమ్ విభాగాన్ని 2019లో వంద కోట్ల డాలర్లకు కొనడానికి ఒప్పందం చేసుకున్న ఆపిల్, తన సొంత సీ1 మోడెమ్‌ను 2025లో ఐఫోన్ 16ఈలో పెట్టింది. ఈసిమ్ వల్ల దుకాణానికి వెళ్ళే పని కూడా తప్పింది. రెండో లైను బిల్లు మాత్రం తప్పలేదు.

ఇప్పుడు ఆఫీసు శ్రేణి ల్యాప్‌టాపు కొనదలచినవారు ఒకటి గమనించాలి. మోడెమ్ కార్డును తరువాత కొని అమర్చుకోవచ్చు గానీ, ఆంటెనా తీగలు కర్మాగారంలోనే వేసి ఉండాలి. కొన్ని కంపెనీల యంత్రాలు తాము ఆమోదించిన కార్డునే స్వీకరిస్తాయి. అందుచేత ఆర్డరు పెట్టే ముందే ఈ రెండూ అడగండి, మీ ప్లానులో అదనపు లైనుకు ఎంత పడుతుందో కూడా కనుక్కోండి. నెలకు నాలుగైదు సార్లు బయట పనిచేసేవారికి ఫోను హాట్‌స్పాటే చవక.